"పని ఒడిసింది" అనేటి మా వదినె

మా వదినె పోయిన దినం వాళ్ళ ఇంటి ముంగట టెంటు కింద ఒక చిన్న పంచాయితి అయింది. సావు కాడ పంచాయితి ఏందని అనుకుంటరేమో, జర ఇనుండ్రి.

ముందు వరసల కూసున్న ముసలామె కండ్లు తుడుసుకుంట, బండల గనిల తనతోని గంపలు మోసిన మనిషని, గసొంటి మనిషి మల్ల పుట్టదని పక్కనామెకు చెప్తుంది. ఆ పక్కనామె పొద్దుగాల రైలుకు వికారాబాద్ నుంచి వచ్చిన నర్సమ్మ. ఆమె, గనిల ఏందమ్మా, ఈమె మా దవాఖానల ఆయమ్మ గద అన్నది. ఎనుక నిలబడ్డ ఖాకి అంగి ఆటో అతను ఇద్దరి మాటలు ఇన్నడు. "మీరిద్దరు ఏ ఇంటికి పోబోయి ఏ ఇంటికి వచ్చిన్రో. గీమె మా స్టాండ్ల ఆటో నడిపిన అక్క" అన్నడు.

ముసలామెకు అనుమానం వచ్చింది. లేచి లోపటికి పోయి, వదినె మొఖం మీది గుడ్డ జరిపి చూసి, మల్లొచ్చి కుర్చీల కూసుంది.

"మా మనిషే" అన్నది. "మీదెవరో మీరు చూసుకోండ్రి."

నేను కొంగు నోట్ల కుక్కుకున్న. పాపం మస్తు ఏడుస్తుందని ఆడోళ్ళంత నా ఈపు నిమిరిన్రు. నాకేమో నవ్వు ఆగుత లేదు. వదినె లేచి ఉంటె అందరికంటె ముందు ఆమెనే నవ్వేది, నవ్వి, ముగ్గురికి చాయ్ పోసి, ముగ్గురిని ఒకల్లకొకల్లను ఎరుక చేసేది.

ఆమె మా ఆయనకు సొంత అక్క. నాకంటె పదేండ్లు పెద్ద. నేను వదినె అంటుంటి, ఆమె నన్ను "ఏమే మరదలా" అనేది. పేరు రాస్త లేను. పేరు పెట్టి పిలిచినోళ్ళు ఎవరున్నరు గనుక. దవాఖానల ఆయమ్మ, స్టాండ్ల ఆటో అక్క, గుట్ట మీద కంకులమ్మ. ఏడ ఏ పేరు పెడితె ఆడ ఆ పేరుకు పలికింది.

నడక మాత్రం ఎక్కడైనా ఒక్కటే నడక. కొంగు నడుముకు దోపి, మెడ ముందుకు పెట్టి, బస్సు పోతున్నట్టు నడిచేది. బస్సు నిలబడి ఉన్నా గట్లనే. కొత్త పనికి పోయిన మొదటి దినం అందరు ఒదిగి ఒదిగి నిలబడి, అల్కటి పని ఏదన్న చెప్పుండ్రి సార్ అంటరు కదా. ఈమె పోంగనే అడిగేది: "ఇండ్ల అన్నిట్లకు కష్టమైంది ఏంది? ముందు గది చూపించుండ్రి." చూపించేటోళ్ళు నవ్వేది. ఈమె గోడకు ఆనుకొని గొంతుక్కూసోని, పొద్దుందాక దాన్నే చూసేది. రెండో దినం చెయ్యి పెట్టేది. నెల తిరిగేసరికి ఆ కష్టమైన పని ఈమె చేతుల ఉండేది.

ఆమె పని మార్చినప్పుడల్లా ఒక్క మాటనే అనేది. మానేసిన అనకపోయేది, ఇడిచిపెట్టిన అనకపోయేది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, బువ్వ తిని చెయ్యి కడిగినట్టు నిమ్మలంగ చెప్పేది: "ఆ పని ఒడిసింది నాకు."

మా దిక్కు గీ మాట రెండు తీర్ల నడుస్తది. బువ్వ తినుడు ఒడిసింది, కంది కోత ఒడిసింది అంటె నిండుగ అయిపోయిందని. అదే, "వాని పని ఒడిసింది" అన్నరనుకో, ఇగ వాడు మునిగిండు, లేవడని. మందికి రెండో తీరే నోట్ల ఆడుతది. మా వదినె ఒక్కతే జీవితమంత మొదటి తీరు వాడింది.

ఆమె మొగడు, అంటె నాకు అన్న వరస, మార్కెట్ల కందుల బస్తాలు మోసే హమాలి. రోజుకు పది మాటలు మాట్లాడితె ఎక్కువ. ఆమె గట్ల వచ్చి ఒడిసిందని చెప్పినప్పుడల్లా మా అత్త నెత్తి కొట్టుకునేది, సుట్టాలు నవ్వేది, నేను నోరు తెరుసుకొని చూసేదాన్ని. అన్న మాత్రం బీడి ఆర్పి ఒక్కటే అడిగేటోడు. "రేపు ఎన్ని గంటలకు లేపాలె?"

అంతే. ఎందుకన్నది లేదు, ఏమైతది అన్నది లేదు.

ఆమె పనులన్నీ వరసగ చెప్పను గాని కొన్ని చెప్పకపోతె మనసున పట్టది. పెండ్లికి ముందు బంట్వారం దిక్కు అమ్మగారింట్ల కంది చేన్లల్ల కూలికి పోయిందట. తాండూర్ కు కాపురానికి వచ్చినంక గనిల గంప మోసింది. ఆడికెళ్ళి పప్పు మిల్లు. మిల్లుల చాట పట్టుకుంటె రాయి, మట్టి, నల్ల గింజ ఏది ఆమె కండ్లను దాటిపోయేది కాదు. మా ఇంట్ల బియ్యం ఏరేటప్పుడు నేను ఏరిన చాటను ఒక్కసారి ఎగరేసి ఏడు రాళ్ళు తీసి నా అరచేతుల పెట్టింది. పెట్టింది అంతే. ఇప్పటికి బియ్యం ముంగట కూసుంటె నాకు అరచెయ్యి దురద పెడతది.

మిల్లు తరువాత వికారాబాద్ ల దవాఖాన ఆయమ్మ. రోజు పొద్దుగాల రైలు, పొద్దుగూకినంక రైలు. తొలుసూరు కాన్పుకు వచ్చిన పిల్లలు డాక్టరమ్మ కంటె ముందు ఈమెనే అడిగేదట. ఏడేండ్లకు అది కూడ ఒడిసింది. మల్ల చూస్తె ఆటో.

ఆటో ముచ్చట చెప్తె మీరు నమ్మరు. నలభై దాటిన ఆడమనిషి, మా తాండూర్ల, బస్టాండు ముంగట ఆటోల వరసల. మొదటి వారం మొగోళ్ళు ఆమె ఆటోను ముందుకు రానియ్యలే. ఈమె కోపం చెయ్యలే. వరస ఆఖర్ల నిలబెట్టుకొని, ఎవ్వలు పిలవని సవారీలను తీసుకుంది. కర్ణాటక ఊర్ల నుంచి బస్సు దిగే ముసలోళ్ళు, కన్నడం తప్ప రానోళ్ళు. వాళ్ళు చెప్పేది స్టాండ్ల సగం మందికి తెల్వకపోయేది. ఈమె వాళ్ళను ఎక్కించుకొని దారి పొడుగూత మాట నేర్చుకుంది. నెల రోజులల్ల వాళ్ళ తీర్గనే "బర్రి, బర్రి, కూడ్రి" అని పిలుసుడు మొదలుపెట్టింది. రండి, కూసోండి అని.

ఒక దినం బస్సు దిగిన ఒకామెను చూసి, చీర కట్టు చూసి కన్నడామె అనుకొని, గట్లనే "బర్రి, బర్రి" అన్నది. ఆమె కోడంగల్ దిక్కు తెలుగామె. జర ఒళ్ళున్న మనిషి. "ఎవర్ని బర్రె అంటున్నవే" అని చెప్పు తీసింది. స్టాండు స్టాండంత గుంపయింది. వదినె దిగి, రెండు చేతులు జోడించి, అది బర్రె కాదమ్మా, పిలుపు, కన్నడంల మర్యాద అని చెప్తుంది. ఆమె ఇనదు. ఆఖరుకు అప్పుడే బస్సు దిగిన ఒక కన్నడ ముసలాయనను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, తాతా, నువ్వు నీ భార్యను ఆటోల ఎక్కుమని ఎట్ల పిలుస్తవో గీమె ముంగట పిలువు అన్నది. ముసలాయన సిగ్గు పడుకుంట "బా" అన్నడు. ఒట్టి "బా", అంటె ఉత్త రా అని. గుంపంత నవ్వింది. తాతా, నీ భార్యను గాదు, పరాయి ఆడామెను పిలువు అని మల్ల బతిమాలింది. అప్పుడు ఆయన ఒళ్ళున్న ఆమె దిక్కు చూసి వంగి, నిండు మర్యాదతోని "బర్రి" అన్నడు. ఆమెకే నవ్వు ఆగలే. ఆ దినం నుంచి ఆమె తాండూర్ల దిగితె మా వదినె ఆటో తప్ప ఎక్కలే. మొగోళ్ళు గూడ ఆ దినం నుంచి వరసల జరిగి ముందట జాగ ఇచ్చిన్రు.

గసొంటి ఆటోను గూడ ఒకనాడు అమ్మేసి, ఒడిసింది అన్నది. వానకాలం ఆదివారాలు అనంతగిరి గుట్ట మీద మక్క కంకులు కాల్చుడు షురూ చేసింది. పట్నం నుంచి మబ్బు చూడనీకి కార్లల్ల వస్తరు కదా, వాళ్ళకు.

ఒక ఆదివారం నన్ను గూడ తోలుకపోయింది. చినుకులు పడుతున్నయి. నేను కంకి పొట్టు ఒలిసి ఇస్తుంటె ఆమె బొగ్గుల మీద తిప్పుతుంది. అప్పుడు అడిగిన. ఎందుకు వదినె, నీకు ఏ పని కుదురదా, లేకుంటె నువ్వే ఏ పనికి కుదురవా అని. సుట్టాల ఇండ్లల్ల మంది ఏమంటుండేనో అదే అడిగిన. కాలు నిలువది, మనసు నిలువది, మంది గివే అంటుండె.

ఆమె కంకికి ఉప్పు కారం నిమ్మకాయ రుద్దుకుంట చెప్పింది. "కొత్త పని అనుకో, చేతులు, కండ్లు, మనసు అన్ని దానిమీదనే ఉంటయి. కొన్నేండ్లు పోయినంక చేతులు వాటంతట అవే చేస్తయి. అప్పుడు మనసు ఖాళీగ కూసుంటది. ఖాళీగ కూసొని ఏం చేస్తది? మందిని తిడతది. ఆమె గిట్ల, ఈమె గట్ల. నా నోట్ల తిట్లు ఎక్కువైనయని నాకు తెలిసిన నాడు, ఆ పని ఒడిసినట్టు."

నాకు ఆ మాట మస్తు నచ్చింది. అయితే అన్ని పనులు నువ్వే ఒడగొట్టినవా, ఒక్కరు గూడ నిన్ను పొమ్మనలేదా అని అడిగిన.

"ఎవ్వలు అనలే. నేనే ఒడగొట్టిన" అన్నది. మొఖం కంకి దిక్కే పెట్టి అన్నది. పొగకు కండ్లు మండుతున్నయి అనుకున్న.

ఇగ మా ఆయన ముచ్చట. అసలు ముచ్చట గిదే.

మా ఆయనకు అక్కకు పొంతన లేదు. ఆమె ఆరు పనులు చేస్తె ఈయన పదహారేండ్ల నుంచి ఒక్కటే పని, బండల పని. మొదట పన్నెండేండ్లు పాలిష్ యూనిట్ల కోత మిషను పక్కన్నే. తరువాత బండల పరీక్ష చేసే పని ఇచ్చిన్రు. లారీకి ఎత్తే ముందు ఒక్కో బండను నిలబెట్టి వేలి కణుపుతోని కొట్టి, చెవి పెడతడు. మంచి బండ అయితె ఖంగుమంటది. లోపట ఎంటిక మందం నెర్రె ఉన్నా సప్పుడు దబ్బుమని చస్తది. ఆయన దబ్బు అన్న బండను ఎవరు లారీ ఎక్కియ్యకపోయేది. పండుగకు ఇంటికొచ్చిన సుట్టాల ముంగట మా ఆయన కుండలు, గిన్నెలు, పిల్లల పలకలు గూడ కొట్టి చూసేటోడు. దాంట్ల ఆయనకు ఎంత గర్వమో. అక్కను చూసి, "నీకేం అక్కా, నీకు ఒక్క పనన్న పూర్తిగ వచ్చిందా" అని ఎక్కిరించేటోడు. ఆమె నవ్వేది.

ఒకనాడు వదినె టిఫిను ఇయ్యనీకి యూనిట్ కు పోయి, నా కాడికొచ్చి మెల్లగ అడిగింది. "ఏమే మరదలా, తమ్ముడు బండల మీద నీళ్ళు ఎందుకు పోస్తుండు?"

నాకేం ఎరుక. దుమ్ము పోతదని పోస్తుండేమో అన్న. ఆమె తల ఊపలే. గనిల పని చేసిన మనిషి కదా. తడి బండ ఆరేటప్పుడు నెర్రె ఉన్న కాడ నీళ్ళు ఆఖర్ల ఆరుతయి, నల్లగ గీత కనబడతది. చెవి ఉన్నోడు కొట్టి చూస్తడు, నీళ్ళు ఎందుకు? ఆ మాట నాకు చెప్పలే. పొద్దుగూకినంక ఇంట్లకు వచ్చి, చాయ్ తాగుతున్న మా ఆయన ఈపు ఎనుక నిలబడి, వంట ముచ్చట చెప్పినట్టు అన్నది: "తమ్మీ, నీ నెత్తి మీద తేలు పాకుతుంది."

మా ఆయన చాయ్ తాగుతనే ఉన్నడు.

మా పిల్లలు పక్కున నవ్విన్రు, బాపు భయపడలేదని. వదినె నవ్వలే. నేను ఆమె దిక్కు చూసిన, ఆమె నా దిక్కు చూసింది. ఎన్ని నెలల నుంచి గీ మనిషి మా పెదవులు చూసి సమాధానం చెప్తుండో, రోజు అన్నం పెట్టుకుంట గూడ నాకు తెల్వలే.

అడిగితె ఒప్పుకోలే. నాకు ఇనబడతది అన్నడు, మా కంటె పెద్ద గొంతుతోని. మరి ఆ నెలలనే అయింది ఆ పని. బంట్వారం దిక్కు మా అత్తగారి ఊర్ల చర్చికి కొత్త నేల ఏస్తున్నరు. ఊరోళ్ళు మా ఆయననే నమ్మి, బండలు నువ్వే ఏరి పంపాలె అన్నరు. ఆ దినం వాన. బండలన్ని తడిసే ఉన్నయి. తడి ఆరితె గద గీత కనబడేది. మా ఆయన వేలి కణుపుతోని కొట్టిండు, చెవి పెట్టిండు, ఇనబడ్డట్టే తల ఊపి లారీ ఎక్కిచ్చిండు. అందరు చూస్తుంటె ఇంకేం చేస్తడు.

ఊర్ల దించుతుంటెనే సగం బండలు రెండు ముక్కలైనయి. ఎవరికి దెబ్బ తాకలే, అది దేవుని దయ. పాస్టరు ఒక్క మాట అనలే, ముక్కలు బయట కాళ్ళు కడిగే కాడ పరిసినం అని నాకు ఫోన్ల చెప్పిండు. కోపం చేసినా బాగుండు. మా ఆయన మూడు దినాలు పనికి పోలే. నులక మంచంల గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. బువ్వ ముంగట పెడితె రెండు ముద్దలు. ఒక్కటే మాట, అది గూడ గోడకే చెప్పిండు: "నా పని ఒడిసింది."

నాకు భయమైంది. మా గల్లీల గట్ల గోడ దిక్కు తిరిగి, మల్ల గీ దిక్కు తిరగనోళ్ళు ఇద్దరున్నరు. పొద్దుగాల్నే కల్లు దుకాణంల తేలుతరు. నేను వదినెకు ఫోన్ చేసిన.

వచ్చింది. అన్న గూడ ఎంబడి వచ్చిండు, వాకిట్ల బీడి ముట్టిచ్చుకొని నిలబడ్డడు. పొద్దు మంచిగ ఎక్కింది, నల్లా వచ్చే టైము. గల్లీల ఆడోళ్ళంత బిందెలు పట్టుకొని మా ఇంటి ముంగటనే ఉన్నరు. వదినె మంచం పక్కన నేల మీద కూసొని, తమ్మీ అని పిలిచింది. ఆయన తిరగలే. భుజం పట్టుకొని ఊపింది. గోడనే చూస్తున్నడు. మొఖం కనబడకుంటె పెదవులు చూడడు, పెదవులు చూడకుంటె ఇనడు. ఆయన పట్టుపట్టి తిరగలేదని ఆమెకు తెలిసింది.

ఇగ ఆమె గొంతు ఎత్తింది. ఆటో స్టాండ్ల గొంతు. గల్లీ చివరదాక పోతది.

"మిల్లు పని నేను ఒడగొట్టలే రా తమ్మీ. మిషన్ వచ్చింది. గింజ రంగు చూసి అదే ఏరుతది. నీ కండ్లు ఇగ అక్కర్లేదని చాట గుంజుకొని గేటు బయట నిలబెట్టిన్రు."

బిందెల సప్పుడు ఆగింది. నా చేతుల గంటె ఆగింది. వాకిట్ల అన్న బీడి నోట్లనే ఉండిపోయింది. ఆయనకు గూడ గా దినమే తెలిసింది.

"ఇంటికొచ్చి ఒడిసింది అని చెప్పిన. అబద్ధం. స్టేషన్ల కూసొని ఏడ్సిన. గుల్బర్గ దిక్కు పోయే బండి పోయింది, మల్ల అటు నుంచి ఇంకో బండి వచ్చింది, అప్పటిదాక ఏడ్సిన. నా కండ్ల తోటి బతికిన, నా కండ్లు పనికిరావన్నరు."

పదిహేనేండ్లు కడుపుల పెట్టుకున్న ముచ్చట. మెల్లగ చెప్పే ముచ్చట. ఒక్కని చెవుల పడాలంటె ఊరందరి చెవుల పడాల్సి వచ్చింది. నల్లా నీళ్ళు బిందె నిండి పొర్లి కాలువల పోతున్నయి, ఎవ్వలు బంద్ చేస్త లేరు.

మా ఆయన గీ దిక్కు తిరిగిండు. చిన్నగ తిరిగిండు.

"నాకెందుకు చెప్పలే?" అన్నడు.

"నువ్వు చెప్పినవా, నీ చెవులు పోయినయని?"

ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఈమె కొంగుతోని తన మొఖం తుడుసుకొని, అదే కొంగుతోని ఆయన మొఖం గూడ తుడిసింది, చిన్న పిల్లగాని ముక్కు తుడిసినట్టు గట్టిగ. ఇప్పుడు ఎదురెదురుగున్నరు కాబట్టి గొంతు తగ్గించి చెప్పింది. మిల్లు పని పోయిన తెల్లారి తాను ఎటుపోయేది తెల్వకనే రైలెక్కిందట. వికారాబాద్ ల దిగింది ఎందుకంటె, ఏడ్సుకుంట టికెట్ ఆడి దాకనే తీసుకుందట. దిగి నడుస్తుంటె దవాఖాన గేటు. ఉన్న ఆయమ్మ పోయింది, ఇంకొకామె కావాలె అంటున్నరు. "ఆ ఒక్కటి నేను ఒడగొట్టలే. అది నన్ను ఒడగొట్టింది. దాని తరువాతియన్ని ఆ ధైర్యంతోనే నేను ఒడగొట్టిన. నీకిది మొదటిది. మొదటిది ఎవరికైనా ఏడుపే."

వాకిట్లకెళ్ళి అన్న లోపటికొచ్చిండు. రోజుకు పది మాటల మనిషి. మంచం మీదికి వంగి, బామ్మర్ది చెవి కాడ నోరు పెట్టి, పుట్టినప్పటి నుంచి ఎవ్వలు ఇనని గొంతుతోని అరిసిండు:

"రేపు ఎన్ని గంటలకు లేపాలె?"

నల్లా కాడ ఆడోళ్ళు ఒక్కసారి నవ్విన్రు. మా ఆయన ఉలికిపడి లేచి కూసున్నడు. కూసొని, బువ్వ ఉన్నదా అని నన్ను అడిగిండు.

తెల్లారి మొదటి రైలుకు వదినె, మా ఆయన, నేను ముగ్గురం వికారాబాద్ పోయినం. దవాఖానల ఆయమ్మ వచ్చిందంటె వరస లేదు, చీటి లేదు. చెవుల డాక్టరు చూసి, మిషన్ల మోతకు నరం దెబ్బ తిన్నదని, ఇగ ఆ మోతలకు పోవద్దని చెప్పి, చెవికి పెట్టుకునే చిన్న మిషను రాసిండు. అది మా ఆయనకు నచ్చలే. అంగి జేబులనే ఉంటది ఇప్పటికి. నన్ను తిట్టాలనుకున్నప్పుడు పెట్టుకుంటడు, నేను తిట్టేటప్పుడు తీస్తడు.

దవాఖాన నుంచి వదినె మమ్మల్ని ఇంటికి తోలియ్యలే. గుట్టకు పోయే తొవ్వల ఒక మొక్కల నర్సరీ ఉంది. కంకులు అమ్మబోయే తొవ్వల ఆ పెద్దమనిషితోని ఆమెకు ముచ్చట పడింది. ఆయన మామిడి అంట్లు కడతడు. చేతులు వణుకుతున్నయి, మంచి చేతి మనిషి కావాలని అంటుండెనట. మేం పోయేసరికి ఆయన ముంగట పిల్ల మొక్కలు వరసగ పెట్టుకొని కూసున్నడు. మొక్క తల కోసి, మిగిలిన మొదలును నడిమికి చీల్చి, మంచి చెట్టు కొమ్మను ఉలి లెక్క చెక్కి దాంట్ల దింపి, ప్లాస్టిక్ పట్టితోని చుట్టాలె. రెండు తోళ్ళు ఒకదానికొకటి ఆనాలె. సందు ఉంటె ఎండిపోతది.

నర్సరీ పెద్దమనిషి మా ఆయనను, ఇంతకుముందు ఏం పని చేసినవ్ అని అడిగిండు. పెదవులు కనబడేటట్టు అడిగిండు పాపం.

మా ఆయన అక్క దిక్కు చూసిండు.

"బండల పని చేసిన సార్. అది ఒడిసింది" అన్నడు.

అని, ఇండ్ల కష్టమైంది ఏంది అని అడగలే గాని, కట్టిన ఒక అంటు తీసుకొని బొటనవేలి గోటితోని అతుకు మీద మెల్లగ రాసిండు. పదహారేండ్లు బండల నునుపు చూసిన గోరు అది. గీడ సందు ఉంది సార్, ఇది ఎండిపోతది అన్నడు. పెద్దమనిషి పట్టి ఇప్పి చూసిండు. సందు ఉంది.

మొదట ఈయన కట్టినయి గూడ మస్తు ఎండిపోయినయి, అబద్ధం ఎందుకు. కొమ్మ లేతదా ముదురుదా ఎరుక లేదు. రోజు తాండూర్ నుంచి రైలు, రైలు దిగి బస్సు. ఇంటికొస్తె గోర్లల్ల మట్టి, మొఖంల కళ లేదు. ఈయన మల్ల గోడ దిక్కు తిరుగుతడేమోనని నాకు లోపట ఫికరే. వదినె మాత్రం ఏం అడగకపోయేది. ఆదివారం గుట్టకు పోతె కంకుల గంప ఈయన నెత్తిన పెట్టి, నర్సరీ దాక మోపిచ్చుకునేది.

రెండు నెలలు దాటినంక ఒక ఆదివారం నేను గూడ పోయిన. సాయంత్రం ముగ్గురం వికారాబాద్ ల రైలెక్కినం. బండి నిండుగుంది. వదినెకు కిటికి కాడ జాగ దొరికింది. మేము ఎదురుంగ కూసున్నం. రైలు కదిలింది. మా ఆయన అంగి జేబుల నుంచి ఒక చిన్న ఆకు తీసిండు. రాగి రంగు లేత ఆకు, గోరంత. ఇగ మొదలుపెట్టిండు.

ఇనబడనోళ్ళకు తమ గొంతు తమకు తెల్వదు కదా. రైలు డబ్బ డబ్బంతకు ఇనబడుతుంది. తాను కట్టిన అంట్లు ఈ సారి వరసకు వరస పట్టినయని, చిగురు మొదట రాగి రంగు ఉంటదని, మల్ల పచ్చగైతదని, నాటు మొక్కకు వేరు గట్టిదని, మంచి కొమ్మకు పండు గట్టిదని, రెండిటికి పొత్తు కుదిరిచ్చుడే పనని. నాకు సిగ్గయి మోకాలు గిల్లిన, ఆయనకు తెల్వలే. ధారూరు వచ్చేసరికి పక్క సీటు రైతు ఒకాయన, మా చెల్క ఎర్ర మట్టి, దాంట్ల వస్తదా అని అడిగిండు. మా ఆయన ఆయన పెదవులు చూసి, మట్టి ఎంత లోతుంది, బోరు ఉందా, ఎండ ఏ దిక్కు పడతదని తిరిగి అడుగుడు షురూ చేసిండు. ఇంకొకాయన లేచి వచ్చి నిలబడ్డడు. పై బెర్తు మీది పిల్ల ఒకతి తల కిందికి పెట్టి ఇంటుంది. ఆకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. అందరు వేలితోని తాకి చూస్తున్నరు.

వదినె ఏమంటదో చూద్దామని ఆమె దిక్కు తిరిగిన. ఎక్కడ పది మంది కూడినా పదకొండో మాట ఆమెదే ఉండేది కదా. తాండూర్ వచ్చేదాక ఆమె ఒక్క మాట మాట్లాడలే. కిటికి చువ్వలకు చెంప ఆనించి, కండ్లు మూసుకొని, తమ్ముని మాటలు ఇనుకుంట కూసుంది.